నేను తియ్యని అప్పుకి 87 రోజులు

2025 జూన్ 12, గురువారం. రొజొ పండగకి ఇంకా రెండు రోజులుంది. ఒడియా ఆడపిల్లలంతా కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగే పండగ కాబట్టి ఒడిశాలో మా పర్లాకిమిడిలో టైలర్లకి ఆ వారం అన్నం తినే తీరిక ఉండదు. నా మిషను పక్కన పదకొండు గౌన్లు కుప్పగా ఉన్నాయి. 10:40కి ఫోన్ మోగింది. కొత్త నంబరు, హిందీ. నా పేరు చెప్పి, దాని ముందు మా పుట్టింటి ఇంటిపేరు తగిలించి, "మీరేనా?" అన్నాడు.

పెళ్లయి పద్నాలుగేళ్లు. ఆ ఇంటిపేరు ఇప్పుడు నా పాన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. అందుకే రాంగ్ నంబర్ అని పెట్టేయలేకపోయాను. అవునన్నాను. ఆ "అవును" ఒక్కటి వాళ్లకి చాలు.

23,760 రూపాయలు పెండింగట. సాయంత్రం నాలుగులోగా కట్టకపోతే కేసట. నేను ఏ లోనూ తియ్యలేదన్నాను. "అందరూ అదే అంటారు మేడమ్" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, అలవాటుగా అన్నాడు. ఫోన్ పెట్టేసి గౌనుకి జిప్పు తిరగేసి కుట్టేశాను. మళ్లీ విప్పి కుట్టడానికి అరగంట పట్టింది.

తర్వాతి వారం రోజుకి తొమ్మిదీ పదీ కాల్స్. జూన్ 18న పదిహేడు, లెక్కపెట్టాను. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. పొద్దున్న 7:10కి ఒకటి, రాత్రి 9 దాటాక ఒకటి. నిజానికి ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే రూలు పెట్టిందట. నాకప్పుడు తెలియదు. తెలిసుంటే మొదటి రోజు నుంచే టైములు రాసిపెట్టుకునేదాన్ని. మీకిలాంటి ఫోన్ వస్తే ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. తేదీ, టైము, నంబరు, ఏమన్నాడు. నేను 20వ తారీకు నుంచి కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాశాను. తర్వాత అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే.

మా అత్తకి ఈ ఫోన్లు అర్థం కాలేదు. "ఎవలమ్మా అది, ఏటి అన్నిసార్లు?" అనేది. ఏదో కంపెనీ అని దాటేసేదాన్ని.

21వ తారీకు శనివారం రాత్రి మా ఆయన ఫోన్ చేశారు. ఆయన గాజువాకలో వెల్డింగ్ పని చేస్తారు, నెలకోసారి వస్తారు. గూగుల్ మ్యాపులో మా షాపు పేరు కింద ఆయన నంబరు ఉంటుంది. అక్కడ దొరకబట్టుకుని ఆయనకి కూడా చేశారు. "ఏమే, నాకు చెప్పకుండా ఏమైనా తీశావా?" అన్నారు. మామూలుగానే అడిగారు, అరవలేదు. కానీ ఆ ప్రశ్నకి ముందు ఒక్క క్షణం ఆగారు. వాడెవడో నన్ను దొంగ అన్నప్పుడు ఏడుపు రాలేదు, ఆ క్షణానికి వచ్చింది. ఆ సంగతి తర్వాత ఆయనతో అంటే తనకి గుర్తే లేదన్నారు.

సోమవారం కొత్త మనిషి, ఆడగొంతు, తెలుగు. "అక్కా" అంటూ మెత్తగా మాట్లాడింది. మొత్తం అక్కర్లేదు, 9,500 కట్టేస్తే ఫైల్ క్లోజ్ చేయిస్తానంది. వాట్సాప్‌లో యూపీఐ ఐడీ పంపింది. తెరిస్తే కంపెనీ పేరు లేదు, ఎవరో మనిషి పేరు. దానితోపాటు ఒక లీగల్ నోటీసు. త్రాసు బొమ్మ, ఎర్ర ముద్ర, సెక్షన్ 138, ఐపీసీ 420, అన్నీ ఉన్నాయి.

నా దగ్గర రొజొ కుట్టుపని డబ్బు పదకొండు వేల చిల్లర ఉంది. కట్టేద్దామనుకున్నాను. నిజం చెప్తున్నాను, యాప్ తెరిచి నంబరు కొట్టాను కూడా. మా మరిది కూడా "పోతే పోనీ వదినా, పరువు ముఖ్యం" అన్నాడు. ఆపింది మా తమ్ముడు. వాడు పాతపట్నంలో ఉంటాడు, కంప్యూటర్ పని తెలుసు. "అప్పా, కడితే నువ్వు తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టే. తక్కువకి సెటిల్ చేస్తే సిబిల్ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, రేపు బ్యాంకులో లోను పుట్టదు. ముందు అసలు అప్పుందో లేదో చూద్దాం" అన్నాడు.

ఆ రాత్రే ఆ తెలుగావిడకి ఫోన్ చేసి లోన్ అకౌంట్ నంబరు, ఇచ్చిన కంపెనీ పేరు మెయిల్లో పంపమన్నాను. మెత్తదనం అంతా పోయింది. "నీకు మెయిల్ కావాలా, పోలీసులే వస్తారు" అంది. ఇలా ఫోన్ చేసినవాళ్లలో రాసి పంపమంటే ఎవరూ పంపలేదు, ఈ 87 రోజుల్లో ఒక్కరు కూడా.

24న సిబిల్ రిపోర్టు తీశాం. మన పేరు మీదున్న అప్పులు, కట్టిన తీరు అన్నీ అందులో ఉంటాయి. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితం. కానీ సైటులో నెలకింత అనే ప్లాన్లు ముందు కనబడతాయి, ఉచితం అనే మాట కోసం వెతుక్కోవాలి. ఓటీపీ నా నంబరుకే వచ్చింది. 2022లో మిషన్లకి బ్యాంకులో తీసుకున్న లోను, తీర్చేసినట్టే ఉంది. దాని కింద నేను ఎన్నడూ వినని ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు. 2024 నవంబరు 9న 18,000. కట్టిన వాయిదాలు సున్నా. స్కోరు 611.

అంతకంటే కింద, చిరునామాలు, ఫోన్ నంబర్ల దగ్గర, మా ఇంటి అడ్రసుతో పాటు సూరత్‌లో ఒక అడ్రసు ఉంది. పక్కన ఒక నంబరు, నాది కాదు. నేను విశాఖపట్నం దాటి వెళ్లలేదు. కానీ చూడండి, మా వైపు నుంచి, గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్లినవాళ్లు వేలల్లో ఉంటారు. పర్లాకిమిడి ఆడమనిషి సూరత్‌లో ఉందంటే ఎవరికీ అనుమానం రాదు. ఎవరు చేశారో గానీ ఆలోచించే చేశారు అనిపించింది. ఎంక్వైరీలు అనే భాగంలో అదే నవంబరులో ఇంకో రెండు కంపెనీల్లో కూడా నా పేరుతో ప్రయత్నించినట్టుంది. వాళ్లు ఇవ్వలేదు. అదో అదృష్టం.

ఇక్కడ ఒక తికమక చెప్పాలి. ఫోన్లో వాళ్లు చెప్పే పేరు ఒకటి, అది యాప్ పేరు. రిపోర్టులో ఉన్నది ఇంకొకటి, అసలు డబ్బిచ్చిన కంపెనీ. ఫోన్ చేసేది ఈ రెండూ కాదు, వసూలు కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీ. ఏజెన్సీ వాళ్లతో ఎంత వాదించినా గోడకి చెప్పుకున్నట్టే, వాళ్ల చేతిలో ఉండేది ఒక లిస్టు. రాయాల్సింది రిపోర్టులో ఉన్న కంపెనీకి. దాని వెబ్‌సైటు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఫిర్యాదుల అధికారి మెయిల్ ఉంటుంది.

25న మెయిల్ పెట్టాం. తమ్ముడు రాసిందాన్ని నేను సగానికి తగ్గించాను, వాడు మరీ కథలా రాశాడు. లోన్ నాది కాదు, అగ్రిమెంటు కాపీ, నా పేరుతో ఇచ్చిన కాగితాలు, సెల్ఫీ పంపండి, 18,000 ఏ బ్యాంకు అకౌంటులో వేశారో చెప్పండి. ఆ చివరి ప్రశ్న తమ్ముడిది. డిజిటల్ లోన్ డబ్బు అప్పు తీసుకున్నవాళ్ల అకౌంటులోనే నేరుగా పడాలని రిజర్వ్ బ్యాంకు రూలు. నాకున్నది ఒకే అకౌంటు. బ్యాంకుకెళ్లి నవంబరు స్టేట్‌మెంటు ముద్ర వేయించుకొచ్చాను, జీఎస్టీతో కలిపి 118 రూపాయలు. నవంబరు 9న అందులో ఉన్న ఒకే ఒక్క జమ 350, ఎవరో ఫాల్ కుట్టించుకున్న డబ్బు. ఆధార్ పంపాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి పంపండి. మళ్లీ ఇంకొకరి చేతిలో పూర్తి కాపీ పెట్టడమెందుకు. అదే రోజు సిబిల్ సైటులో ఈ అప్పు నాది కాదని డిస్ప్యూట్ కూడా వేశాం. దానికీ డబ్బు లేదు.

26న పోలీస్ స్టేషన్. నేను పదో తరగతి దాకా పాతపట్నంలో తెలుగు మీడియం. ఒడియా గడగడా మాట్లాడతాను, బోర్డులు చదువుతాను, పిటిషన్ రాయమంటే మాత్రం చెయ్యి ఆడదు. కోర్టు దగ్గర రాసే ముసలాయన 200 తీసుకున్నాడు. వాట్సాప్ నోటీసు చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి నవ్వాడు. "అప్పు 2024 నవంబరులో అంటున్నారు, ఐపీసీ జూలైలోనే పోయింది కదమ్మా, ఇప్పుడు దాని చోట బీఎన్‌ఎస్ అని కొత్త చట్టం. పైగా 138 చెక్కు బౌన్సుకి. చెక్కిచ్చావా?" లేదన్నాను. "మరి వీడికి లాయరు లేడు, జిరాక్సు మిషనుంది" అన్నాడు. రెండు వారాల తర్వాత నేను నవ్విన మొదటిసారి అదే.

స్టేషన్లో రెండు గంటలు కూర్చున్నాను. మర్నాడే రథయాత్ర, అందరూ బందోబస్తు హడావుడిలో ఉన్నారు. డైరీలో రాసుకుని ఆ ఎంట్రీ నంబరు, తేదీ నా కాపీ మీద వేసి ఇచ్చారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అంతకుముందే ఫోన్ చేశాను. డబ్బు పోలేదు కాబట్టి సైబర్ క్రైమ్ పోర్టల్లో నమోదు చెయ్యమన్నారు, చేశాం, రసీదు నంబరు వచ్చింది. ఈ రెండు నంబర్లూ తర్వాత ప్రతి మెయిల్లో పైనే పెట్టాం.

ఇవన్నీ చేశాక ఫోన్లు ఆగుతాయనుకున్నాను. రథయాత్ర రోజు పద్నాలుగు వచ్చాయి.

ఒక్కటి మాత్రం పనిచేసింది. నా ఫోన్లో రికార్డింగ్ నొక్కితే "ఈ కాల్ రికార్డ్ అవుతోంది" అని ఇంగ్లీషులో గట్టిగా వినిపిస్తుంది. ఆ మాట వినగానే సగం మంది కట్ చేసేవాళ్లు. ఇంకొకడు మాత్రం ఉన్నట్టుండి "మేడమ్‌జీ, ప్లీజ్" అంటూ మర్యాదలోకి దిగాడు.

జూలై 3 మధ్యాహ్నం షాపుకి మనిషే వచ్చాడు. నేను ఒకావిడకి చేతి కొలత తీస్తున్నాను. గుమ్మం దగ్గర ఒక కుర్రాడు, భుజానికి బ్యాగు, చేతిలో ఫోన్, చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నా పేరు, పుట్టింటి ఇంటిపేరుతో. కొలతలిచ్చే ఆవిడ చెయ్యి అలాగే చాచి వాడిని, నన్ను మార్చి మార్చి చూస్తోంది. టేపు నా చేతిలో వణికింది. పదకొండున్నర అంగుళాలు అని రాసుకున్నాను, తర్వాత చూస్తే ఆవిడది పదిన్నర.

ఆవిడ వెళ్లేదాకా కూర్చోమన్నాను. మంచినీళ్లిచ్చాను, రెండు గ్లాసులు తాగాడు. పొద్దున్నే బరంపురంలో బస్సెక్కాడట. "అపా, నాకిచ్చిన లిస్టులో మీ పేరుంది, అంతే" అన్నాడు. ఒడియాలో అపా అన్నా మా వైపు అప్పా అన్నా అక్కే, వినడానికి మా తమ్ముడు పిలిచినట్టే ఉంది. ఐడీ కార్డు, ఏజెన్సీకి కంపెనీ ఇచ్చిన అధికార పత్రం అడిగాను. కార్డుంది, పత్రం లేదు. మెయిల్ కాపీ, పోలీసు డైరీ నంబరు చూపించాను. చదివాడు, ఫొటో తీసుకున్నాడు. ఎవరికో ఫోన్ చేసి కాసేపు తిట్లు తిన్నాడు. వెళ్తూ, "ఈ నెల ఇది నాకు నాలుగోది, మనిషి ఒకరు పేరు ఒకరు" అన్నాడు. వాడి మీద కోపం పెట్టుకోలేకపోయాను. కానీ సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఎదురు షాపావిడ "ఎంత తీశావే?" అంది. మా అత్తకి ఆ రోజే మొత్తం చెప్పాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి ఫోన్ మోగితే తానే ఎత్తి, వచ్చిన ఒడియా, రాని హిందీ కలిపి వాడి ఏడు తరాలూ అడిగేది.

జూలై 18న కంపెనీ జవాబు. రెండే వాక్యాలు. కాగితాలు పరిశీలించాం, లోన్ సరైనదే. మేమడిగిన కాపీల్లో ఒక్కటీ లేదు. 22న సిబిల్ నుంచి అదే మాట, కంపెనీ ధ్రువీకరించింది కాబట్టి మార్పు లేదని. సిబిల్ తనంతట తాను ఏదీ మార్చదు, అప్పిచ్చినవాడు సరే అంటేనే మారుస్తుంది. ఆ రెండు రోజులు షాపు తియ్యలేదు. అన్నిటికంటే చెడ్డ రోజులు అవే, ఫోన్ల కంటే కూడా. ఎందుకంటే అప్పటిదాకా రాసి చెప్తే వింటారనుకున్నాను.

తమ్ముడు మాత్రం ఆ జవాబు చూసి, ఇదే కావాలి మనకి అన్నాడు. రిజర్వ్ బ్యాంకులో ఇలాంటి ఫిర్యాదులు తీర్చే ఓంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్లాలంటే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి, వాళ్లు కాదనాలి, లేదా 30 రోజులు పలక్కుండా ఉండాలి. కాదన్నారుగా. జూలై 24న రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో వేశాం. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. నోటుపుస్తకంలోని టైములన్నీ ఒక పట్టికగా టైపు చేసి, 8కి ముందువి, 7 తర్వాతవి విడిగా చూపించాం, మొత్తం 31. వాళ్ల హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేస్తే తెలుగు మాట్లాడే ఆవిడ దొరికింది, ఫిర్యాదు ఎక్కడుందో చెప్పింది.

ఆగస్టు 5న కంపెనీ నుంచే ఫోన్. ఈసారి "మేడమ్, అసౌకర్యానికి చింతిస్తున్నాం". జూన్ 25న అడిగిన కాగితాలు ఆ సాయంత్రమే మెయిల్లో వచ్చాయి.

తెరిచాను. పాన్ కాపీ నాదే. ఎడమ మూలలో, సగం కత్తిరించేసినా, నా చేతిరాత కనబడుతోంది. "మిషన్ కో" వరకు. "మిషన్ కోసం" అని నేనే రాశాను. 2024 ఫిబ్రవరిలో ఒకడు వీధిలోకొచ్చి ఆడవాళ్లకి ఉచిత కుట్టుమిషన్లని పేర్లు రాసుకున్నాడు. మా వరసలో పదిమందిమి కాపీలిచ్చాం. జాగ్రత్త కోసం దేనికిస్తున్నానో మూలలో రాశాను. ఆ మూలనే కోసేశారు, కోత సరిగ్గా పడలేదు.

సెల్ఫీ నాది కాదు. ఇరవై ఏళ్ల అమ్మాయి, చిన్న బొట్టు, వెనక సున్నం గోడ. కెమెరా వైపు కాకుండా ఫోన్ పట్టుకున్న వాళ్ల వైపు చూస్తోంది. ఆ పిల్లకైనా ఏం జరుగుతోందో తెలుసో లేదో. డబ్బు పడిన అకౌంటు నేను ఎప్పుడూ అడుగుపెట్టని బ్యాంకుది.

ఆ పాన్ ఫొటో, ఈ సెల్ఫీ, నా ఓటరు కార్డు ఫొటో ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి ఓంబుడ్స్‌మన్‌కీ, కంపెనీకీ పంపాం. ఇంకేమీ రాయలేదు. ఆగస్టు 19న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇది మోసపు లోన్‌గా గుర్తించాం, మీరు కట్టాల్సింది లేదు, క్రెడిట్ సంస్థలకి తెలియజేస్తాం. సెప్టెంబరు 6న సిబిల్‌లో ఆ అకౌంటు పోయింది. స్కోరు 728.

అక్కడితో అయిపోయిందనుకోకండి. సిబిల్ కాక ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడున్నాయి. ఒకదాంట్లో 20వ తారీకు దాకా అలాగే ఉంది, మళ్లీ ఉత్తరం జతచేసి పంపాల్సి వచ్చింది. సెప్టెంబరు 11న ఏజెన్సీ నుంచి ఇంకో ఫోన్ కూడా వచ్చింది, పాత లిస్టట. ఉత్తరం పీడీఎఫ్ పంపాను, మళ్లీ చెయ్యలేదు. సరిదిద్దడం 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలనే రూలు ఉంది. అడిగాను. జవాబు రాలేదు. ఓంబుడ్స్‌మన్ ఫైలు పరిష్కారమైందని మూసేశారు.

చేతి నుంచి పోయిన డబ్బు 700 దాటదు, స్టేట్‌మెంటు, పిటిషను, జిరాక్సులు, ఆటోలు అన్నీ కలిపి. షాపు మూసిన రోజులు, పాడైన జాకెట్లు అందులో లేవు. పదకొండున్నర అంగుళాల చేతుల జాకెట్టు మళ్లీ కుట్టిచ్చాను, ఊరికే.

ఇప్పుడు కాపీ ఇస్తే మూలలో రాయను. ఫొటో మీదుగా అడ్డంగా తేదీ, ఎవరికి, దేనికి అని రాస్తాను. జిరాక్సు షాపు అబ్బాయి "అలా గీస్తే ఆఫీసులో తీసుకోరు" అన్నాడు. మొన్న ఒకచోట నిజంగానే తీసుకోలేదు, శుభ్రమైన కాపీ తెమ్మన్నారు. తెచ్చాను. కౌంటరు దగ్గరే పెన్ను తీసి దాని మీద కూడా రాశాను.